8 సెంట్ల ప్లాన్‌కి 16 సెంట్ల బిల్లు ఎందుకొచ్చింది?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర్లో ఉంటాం. అపార్ట్‌మెంట్ నుంచి సొంతింటికి మారి ఏడాది దాటింది. మారే హడావిడిలో టెక్సస్‌లో కరెంటు ప్లాన్లు పోల్చి చూపించే పవర్ టు చూజ్ వెబ్‌సైట్ తెరిచి, అన్నిటికంటే పైన కనిపించిన ప్లాన్ తీసుకున్నాం. 15 నెలల కాంట్రాక్ట్, యూనిట్‌కి 8.4 సెంట్లు అని ఉంది. మొన్న కూర్చుని 12 నెలల బిల్లులు కూడితే 13,950 యూనిట్లకి దాదాపు 2,240 డాలర్లు కట్టాం. అంటే యూనిట్ 16 సెంట్లు పడింది. ఫోన్ చేస్తే 'బిల్లు కరెక్టే' అంటున్నారు. జూన్ నెలాఖరుకి కాంట్రాక్ట్ అయిపోతుంది. మావారి కొలీగ్ రాత్రిపూట కరెంటు ఫ్రీ ఇచ్చే ప్లాన్ తీసుకోమంటున్నారు. నాకేమో పేరు తెలియని చిన్న కంపెనీ అయితే కరెంటు పోయినప్పుడు ఎవరొస్తారని భయం. ఇప్పుడే వదిలేస్తే పెనాల్టీ కట్టాలట. వందకి పైగా ప్లాన్లు చూసి చూసి తల తిరిగిపోతోంది. అసలు మేం ఎక్కడ తప్పు చేశాం? బిల్లులు, ప్లాన్ కాగితం పంపుతున్నాను.

సమాధానం: ముందు మీ మనసులో ఉన్న దానికి జవాబు చెప్తాను. బిల్లు నిజంగానే కరెక్టు. అయినా మీరు మోసపోయామని అనుకోవడంలో తప్పేమీ లేదు, ఎందుకంటే ఆ 8.4 అనే అంకె మీలాంటి వాళ్ల కంట పడడానికే అలా కూర్చింది. నెలకి సరిగ్గా 1000 యూనిట్లు వాడితే పడే సగటు రేటు అది. ఆ వెబ్‌సైట్‌లో చాలామంది 1000 యూనిట్ల దగ్గర ధర చూసే ప్లాన్ ఎంచుకుంటారు. ఆ సంగతి కంపెనీలకి బాగా తెలుసు. అందుకే ఆ ఒక్క చోట రేటు పాతాళానికి దిగేలా ప్లాన్ తయారు చేస్తాయి. ప్రతి నెలా సరిగ్గా 1000 యూనిట్లే వాడే ఇల్లు ఎక్కడా ఉండదు.

మీరు పంపిన కాగితం పేరు ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్. అందరూ ఈఎఫ్ఎల్ అంటారు. టెక్సస్‌లో ఇళ్లకి అమ్మే ప్రతి ప్లాన్‌కీ ఇది ఉండాలి, అందులో 500, 1000, 2000 యూనిట్ల దగ్గర సగటు ధర వేయాలి. మీ దాంట్లో వరసగా 20.8, 8.4, 14.2 అని ఉంది. ఈ మూడు అంకెలూ పక్కపక్కన చూస్తేనే ఏదో తిరకాసు ఉందని అర్థమవుతుంది. మామూలు ప్లాన్‌లో ఈ మూడూ దాదాపు ఒకేలా ఉంటాయి, వాడకం పెరిగేకొద్దీ కొంచెం కొంచెం తగ్గుతాయి. మీ దాంట్లో మధ్య అంకె గోతిలో పడ్డట్టుంది. కారణం ఆ గడికి కిందే రాసి ఉంది. ఎనర్జీ చార్జీ, అంటే కరెంటు ధర, యూనిట్‌కి 14.5 సెంట్లు, డెలివరీ, అంటే తీగల సంస్థకి వెళ్లేది, 5.5 సెంట్లు, దానికి తోడు నెలకి 4 డాలర్లు, ఆ తర్వాత ఒక లైను: బిల్లింగ్ సైకిల్‌లో వాడకం 1000 యూనిట్లకి తగ్గకపోతే 120 డాలర్ల క్రెడిట్. మీ ఏడాది కథంతా ఆ ఒక్క లైన్లోనే ఉంది.

మీ జనవరి బిల్లు, జూన్ బిల్లు పక్కపక్కన పెట్టి చూడండి. జనవరిలో 980 యూనిట్లు వాడారు, 200 డాలర్లు కట్టారు. జూన్‌లో 1,650 యూనిట్లు వాడి 214 కట్టారు. 670 యూనిట్లు ఎక్కువ వాడితే తేడా 14 డాలర్లే! జనవరిలో ఇంకో 20 యూనిట్లు వాడి ఉంటే బిల్లు 84 డాలర్లే వచ్చేది. 20 యూనిట్లంటే బట్టల డ్రయ్యర్ ఒక ఏడు సార్లు తిప్పినంత. పొదుపుగా వాడినందుకు మీ ఇంటికి 116 డాలర్లు నష్టం వచ్చింది. నాకు ఈ ప్లాన్ల మీద కోపం ఇందుకే. హీటర్ తగ్గించుకుని, అక్కర్లేని లైట్లు ఆర్పేసి జాగ్రత్తగా బతికే కుటుంబానికే దెబ్బ తగులుతుంది.

అలాగని వచ్చే ఏడాది డ్రయ్యర్ తిప్పుకుంటూ కూర్చుని 1000 దాటిద్దాం అనుకోకండి. బిల్లింగ్ సైకిల్ క్యాలెండర్ నెల కాదు, ఒక్కోసారి 28 రోజులే ఉంటుంది, ఒక్కోసారి 33 రోజులు వస్తుంది. మీటరు రీడింగ్ ఏ రోజు తీస్తారో మీ చేతిలో లేదు. ప్రతి నెలా ఆ టెన్షన్ ఎవరికి కావాలి?

ఇప్పుడు ఏడాది మొత్తం లెక్క చూద్దాం. మీరు పంపిన యూనిట్లు జనవరి నుంచి డిసెంబర్ వరుసలో పెడితే: 980, 870, 640, 690, 1120, 1650, 2010, 2080, 1540, 860, 620, 890. ఇందులో 1000 దాటినవి మే నుంచి సెప్టెంబర్ దాకా అయిదు నెలలే. అంటే 120 చొప్పున 600 డాలర్ల క్రెడిట్ వచ్చింది, మిగతా ఏడు నెలలూ యూనిట్‌కి 20 సెంట్ల పైనే కట్టారు. దీన్ని ఏ క్రెడిట్టూ లేని సాదా ప్లాన్‌తో పోల్చాను. లెక్క కోసం ఎనర్జీ చార్జీ 9.5 సెంట్లు అనుకున్నాను, డెలివరీ అదే 5.5 సెంట్లు, అదే 4 డాలర్లు. ఈ ప్లాన్‌కి లేబుల్ మీద 1000 యూనిట్ల దగ్గర 15.4 అని పడుతుంది, కాబట్టి వెబ్‌సైట్‌లో మీ ప్లాన్‌కి ఎన్నో పేజీల కింద ఉంటుంది. మీరు దాన్ని చూసే అవకాశమే లేదు. కానీ మీ యూనిట్లతో ఏడాదికి 2,140 డాలర్లు అవుతుంది. మీరు కట్టిన దానికంటే ఓ వంద డాలర్లు తక్కువ.

వందే కదా అనిపించవచ్చు. నిజమే, ఈ ఒక్క పోలికలో వందే. పైగా జనవరిలో ఆ 20 యూనిట్లు పడి ఉంటే మీ ప్లానే ఓ 20 డాలర్లు చవక అయ్యేది, ఆ మాట కూడా దాచకుండా చెప్పాలి. కాబట్టి క్రెడిట్ ప్లాన్లన్నీ చెడ్డవని నేననను. ఈ రెండు ప్లాన్లే తీసుకుంటే, ఒక నెలలో వాడకం 1000కీ 2400కీ మధ్య ఉంటే మీది చవక, ఆ గీతలకి అటైనా ఇటైనా సాదా ప్లానే చవక. ఏడాదిలో పది పదకొండు నెలలు ఆ మధ్యలో ఉండే పెద్ద ఇల్లయితే క్రెడిట్ ప్లాన్ బాగా కలిసొస్తుంది. మీ ఇంటికి అయిదే నెలలు. ఇంకో సంగతి, కొన్ని ప్లాన్లలో క్రెడిట్ 1000 నుంచి 2000 లోపు వాడకానికే ఇస్తారు. అలాంటిది మీకు పడి ఉంటే జులై 2010, ఆగస్టు 2080 కూడా చేజారిపోయి బిల్లు మరో 240 డాలర్లు తడిసి మోపెడయ్యేది. క్రెడిట్ పేరు కాకుండా 'మినిమం యూసేజ్ ఫీజు' అని ఇంకోటి ఉంటుంది, ఇన్ని యూనిట్ల కంటే తక్కువ వాడితే జరిమానా అన్నమాట. పేరు వేరు, లెక్క ఒకటే. అదే వెబ్‌సైట్‌లో ఈ రెండు రకాల ప్లాన్లూ కనపడకుండా తీసేసే ఫిల్టర్ ఉంది. ముందు అది పెట్టి చూడండి, వందకి పైగా ఉన్న ప్లాన్లు చాలావరకు తగ్గిపోతాయి, తలనొప్పి కూడా తగ్గుతుంది.

ఆ మిగిలిన వాటిలో ఓ అయిదారు తీసుకుని ఒక్కోదానికి మీ 12 అంకెలూ వేయండి. ఎక్సెల్ షీట్ అయినా, నోట్‌బుక్‌లో గీత గీసుకున్నా సరే. ప్రతి నెలకీ యూనిట్లని ఎనర్జీ, డెలివరీ రెండూ కలిపిన రేటుతో గుణించి, నెలవారీ ఫిక్స్‌డ్ చార్జీలు కలిపి, క్రెడిట్ వస్తే తీసేసి, 12 నెలలూ కూడండి. ఆ ఒక్క మొత్తమే పోల్చండి, సెంట్ల అంకె వైపు అసలు చూడకండి. కంపెనీ తన వంతు 'బేస్ చార్జీ' అని నెలకి విడిగా వేస్తుందేమో ఈఎఫ్ఎల్‌లో చూడండి, మార్చి, నవంబర్ లాంటి తక్కువ వాడే నెలల్లో దాని బరువు తెలుస్తుంది. యూనిట్లు మీ బిల్లుల మీద ఉన్నాయి సరే, స్మార్ట్ మీటర్ టెక్సస్ అనే వెబ్‌సైట్‌లో కూడా ఉంటాయి. బిల్లు మీదున్న ఈఎస్ఐ ఐడీ (మీ కనెక్షన్ నంబరు), మీటరు నంబరు పెట్టి అకౌంట్ తెరుచుకుంటే ప్రతి 15 నిమిషాలకి ఎంత కరెంటు వాడారో కూడా చూపిస్తుంది. డబ్బేమీ కట్టక్కర్లేదు.

రాత్రి ఫ్రీ ప్లాన్ సంగతి తేల్చుకోవడానికి ఆ 15 నిమిషాల లెక్కే కావాలి. కొలీగ్ గారి ఇంటికి అది నప్పి ఉండవచ్చు, ఇంట్లో ఎలక్ట్రిక్ కారు ఉండి రాత్రి చార్జింగ్ పెట్టుకునే వాళ్లకి నిజంగానే లాభం. కానీ రాత్రి ఊరికే ఇచ్చే కరెంటు ఖర్చు పగటి రేటులోకి ఎక్కుతుంది. ఉదాహరణకి పగలు అన్నీ కలిపి 26 సెంట్లు, రాత్రి సున్నా అనుకుందాం. అది 15 సెంట్ల సాదా ప్లాన్‌తో సరిసమానం కావాలన్నా మీ వాడకంలో 42 శాతం పైన ఆ ఫ్రీ గంటల్లో పడాలి. టెక్సస్ ఎండల్లో ఏసీ ఎప్పుడు ఎక్కువ తిరుగుతుంది? మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఎనిమిది దాకా. పిల్లలు స్కూలు నుంచి వచ్చేది, వంట చేసేది, టీవీ పెట్టేది అప్పుడే. ఫ్రీ టైమ్ ఏమో చాలా ప్లాన్లలో ఎనిమిది తొమ్మిది దాటాకే మొదలవుతుంది. పోయిన జులైలో ఒక వారం లెక్క తీసి ఫ్రీ గంటల్లో ఎంత శాతం పడిందో కూడి చూడండి, పది నిమిషాల పని. ఇంకో సందేహం కూడా తీర్చుకోండి, రాత్రి ఎనర్జీ చార్జీ ఒక్కటే ఫ్రీనా, డెలివరీ కూడానా? కొన్నిటిలో డెలివరీ కట్టాల్సే వస్తుంది.

ఇక చిన్న కంపెనీ భయం. ఇది పూర్తిగా వదిలేయండి. టెక్సస్‌లో 1999లో చట్టం చేసి, 2002 జనవరి నుంచి కరెంటు అమ్మే పనిని, తీగలు స్తంభాలు చూసుకునే పనిని విడదీశారు. మీ వైపు తీగలు ఆన్‌కోర్ అనే సంస్థవి, హ్యూస్టన్ వైపు సెంటర్‌పాయింట్ అనే సంస్థవి. మీరు ఎవరి దగ్గర ప్లాన్ తీసుకున్నా ఆ తీగల మీదే, అదే కరెంటు వస్తుంది. గాలివానకి తీగ తెగితే వచ్చేది ఆన్‌కోర్ మనుషులే, పెద్ద కంపెనీ కస్టమర్ ఇంటికి ముందు, చిన్న కంపెనీ వాళ్లకి తర్వాత అని ఉండదు. బిల్లులో డెలివరీ చార్జీ వాళ్లకే వెళ్తుంది, ఏ ప్లాన్ తీసుకున్నా ఆ రేటు ఒకటే. అది మధ్యలో మారితే ఫిక్స్‌డ్ ప్లాన్‌లో ఉన్న మీకు కూడా మారుతుంది, అందుకు మీ కంపెనీని తప్పుపట్టలేం. ఒకవేళ కంపెనీ మూతపడినా కరెంటు ఆగదు, మిమ్మల్ని తాత్కాలికంగా ఇంకో కంపెనీకి అప్పగిస్తారు. ఆ రేటు మాత్రం మండిపోతుంది కాబట్టి వెంటనే వేరే ప్లాన్‌కి మారిపోవాలి. మీ బంధువులు ఎవరైనా ఆస్టిన్‌లోనో శాన్ ఆంటోనియోలోనో ఉండి 'మాకీ గొడవే లేదు' అంటే అది నిజమే, అక్కడ కరెంటు సంస్థ నగరానిదే, ఎంచుకునే పని లేదు.

కంపెనీ ఏదన్నది కాదు గానీ, ప్లాన్ రకం దగ్గర మాత్రం జాగ్రత్త పడండి. ఫిక్స్‌డ్ రేటు ప్లానే తీసుకోండి. వేరియబుల్ అంటే నెలనెలా కంపెనీ ఇష్టం. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో హోల్‌సేల్ ధరకి నేరుగా ముడిపడ్డ ప్లాన్లు ఉన్న ఇళ్ల సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మామూలు రోజుల్లో కొన్ని సెంట్లుండే హోల్‌సేల్ యూనిట్ ధర 9 డాలర్లకి వెళ్లి రోజుల తరబడి అక్కడే నిలబడింది, వారంలో వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. అదే ఏడాది అలాంటి ప్లాన్లు ఇళ్లకి అమ్మకుండా చట్టం చేశారు. అయినా వేరియబుల్ ప్లాన్లు ఇంకా ఉన్నాయి, తెలియకుండా వాటిలోకి జారిపోయే దారి కూడా ఉంది. కాంట్రాక్ట్ అయిపోయిన రోజు మీరేమీ చేయకపోతే చాలు, కంపెనీ మిమ్మల్ని నెలనెలా మారే రేటులోకి వేసేస్తుంది.

మా ఇంట్లో ఒకసారి సరిగ్గా ఇదే జరిగింది. కంపెనీ నోటీసులు నేను వాడడం మానేసిన పాత ఈమెయిల్‌కి వెళ్లాయి. జూన్‌లో కాంట్రాక్ట్ అయిపోయింది. ఆటోపే ఉంది కాబట్టి ఎవరమూ బిల్లు తెరవలేదు. ఆగస్టులో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పెద్ద అంకె కనిపించి లాగిన్ అయితే రేటు మాకున్న దానికి ఒకటిన్నర రెట్లు. ఏసీ ఆగకుండా తిరిగే రెండు నెలలు అదే రేటు కట్టాం. ఇప్పటి నిబంధనల ప్రకారం ఫిక్స్‌డ్ కాంట్రాక్ట్ చివరి మూడో వంతు కాలంలో కనీసం మూడు సార్లు నోటీసు పంపాలి, కాబట్టి మీకు ఈపాటికే ఒకటో రెండో వచ్చి ఉండాలి. రాకపోతే కంపెనీ దగ్గర మీ ఈమెయిల్ ఏముందో ఇవాళే చూసుకోండి.

పెనాల్టీ గురించి. మీరు ఇప్పుడే వదిలేయక్కర్లేదు, పెనాల్టీ కట్టక్కర్లేదు. కాంట్రాక్ట్ ముగియడానికి 14 రోజుల ముందు నుంచి వేరే కంపెనీకి మారినా ఫీజు వేయకూడదు, అది మీ హక్కు. మీది జూన్ 30న ముగుస్తుంది కాబట్టి కొత్త ప్లాన్ స్టార్ట్ డేట్ జూన్ 17కీ 30కీ మధ్య పెట్టండి. చాలా కంపెనీలు ముందే సైన్ అప్ చేయించుకుని తర్వాతి తేదీ వేసుకోనిస్తాయి. ఒక్క జాగ్రత్త, పాత కంపెనీకి ఫోన్ చేసి 'మా కనెక్షన్ ఆపేయండి' అనకండి. అలా అంటే నిజంగా కరెంటు తీసేయమని ఆర్డర్ వెళ్లవచ్చు. కొత్త కంపెనీలో చేరేటప్పుడు 'స్విచ్' అని పెడితే చాలు, పాతది దానంతటదే ముగుస్తుంది, లైటు ఒక్క క్షణం కూడా ఆరదు. ఇలా మారినప్పుడు కాంట్రాక్ట్ కాగితాలు అందాక మూడు పనిదినాల్లోపు మనసు మారితే ఏ ఫీజూ లేకుండా రద్దు చేసుకోవచ్చు కూడా. ఎప్పుడైనా ఇల్లు మారితే, కొత్త చిరునామా చూపిస్తే కాంట్రాక్ట్ మధ్యలో ఉన్నా పెనాల్టీ ఉండదు. ఈ సంగతి తెలియక కట్టేసిన వాళ్లు మా స్నేహితుల్లోనే ఉన్నారు.

ఎన్ని నెలలకి తీసుకోవాలన్నది మీరు అడగలేదు గానీ, నా ఉద్దేశంలో అది రేటంత ముఖ్యం. మీ కాంట్రాక్ట్ ఎండలు ముదిరే వేళకి ముగుస్తోంది, అంటే రేట్లు సాధారణంగా ఎక్కువుండే సమయంలో కొత్తది వెతుక్కోవాల్సి వస్తోంది. మళ్లీ 12 నెలలు తీసుకుంటే వచ్చే జూన్‌లోనూ ఇదే పరిస్థితి. 9, 10 నెలల ప్లాన్లు కూడా వెతకండి, అవి మార్చి, ఏప్రిల్ నెలల్లో ముగుస్తాయి, అప్పుడు తీరిగ్గా ఎంచుకుని అక్కడి నుంచి 12 నెలలో 24 నెలలో వేసుకోవచ్చు. ఈ తక్కువ కాలం ప్లాన్‌లో వేసవి నెలలే ఎక్కువ కాబట్టి రేటు కొంచెం పైన ఉండవచ్చు. ఏడాదికి ఓ 40, 50 డాలర్ల తేడాతో వస్తే నేనైతే తీసుకుంటాను. అంతకంటే ఎక్కువైతే మామూలు 12 నెలలే మేలు.

ఏది తీసుకున్నా సైన్ అప్ చేసిన రోజే ఆ ప్లాన్ ఈఎఫ్ఎల్ డౌన్‌లోడ్ చేసి దాచుకోండి, ముగిసే తేదీకి నెల ముందు రోజున ఫోన్లో అలారం పెట్టండి, మీదొక్కటే కాదు, మీవారి ఫోన్లో కూడా. జులై చివర్లో మొదటి బిల్లు వచ్చాక మీ షీట్‌లో లెక్కేసిన దానితో పోల్చండి. డెలివరీ చార్జీ మార్పు, సిటీ పన్ను తీసేశాక కూడా తేడా ఉంటే ముందు కంపెనీని అడగండి, సరైన జవాబు రాకపోతే కరెంటు కంపెనీల మీద అజమాయిషీ చేసే రాష్ట్ర సంస్థ పబ్లిక్ యుటిలిటీ కమిషన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, అప్పుడు కంపెనీ వాళ్లు రాతపూర్వకంగా జవాబు చెప్పుకోవాలి. మీరు ఎంచుకున్న అయిదారు ప్లాన్ల ఈఎఫ్ఎల్‌లు పంపితే నేనూ ఒకసారి చూసి పెడతాను, కాకపోతే జూన్ మొదటి వారంలోపు పంపండి.